అల్లుణ్ణి గడప తొక్కనివ్వని మనిషి

ఆయన దినాలకు వచ్చిన జనాన్ని చూసి నాకు కుళ్లు పుట్టింది. చచ్చిపోయిన మనిషి మీద కుళ్లేమిటి అంటారేమో, అనండి. కల్వకుర్తిలో ఆ ఇంటి ముందు వేసిన శామియానా చాలక జనం రోడ్డు దాటి ఎరువుల దుకాణం అరుగు దాకా కూర్చున్నారు. పాల డబ్బాలు మోసే హమాలీలు, పాలు పరీక్ష చేసే ఆడపిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చిన బర్రెల ఆసాములు. విస్తరి ముందు కూర్చుని నేను అనుకున్న మొదటి మాట, "నేను పోతే ఇందులో సగం మంది కూడా రారు" అని. రెండో మాట, "వచ్చినా ఆయన చెల్లెలు లాంటిదని వస్తారు" అని.

మేమిద్దరం మా పాల కేంద్రంలో కంప్యూటర్ సెక్షన్. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. చల్లబరిచే ట్యాంకుల వెనక ఒక గది, ఒక ఏసీ, ఒక సర్వర్, రెండు కుర్చీలు. ఊరూరా పోసిన పాలు ఎన్ని లీటర్లో, వెన్న ఎంతో ఆ సర్వర్‌లోకి వచ్చి చేరుతుంది. అది పడుకుంటే ఆ పూట పాలకు లెక్క లేదు. దాన్ని పడుకోనివ్వకుండా చూడటం మా పని. పని ఇద్దరిది, పేరు మాత్రం ఆయనది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయన చేరాడు, కొన్నాళ్లకే నేను చేరాను. అప్పటి నుంచి ఆయన పోయేదాకా నేను కోరుకున్నది ఒక్కటే. నలుగురి ముందు, ఒక్కసారి, ఆయన నోటి వెంట "ఇది ఆమె చేసింది" అన్న మాట రావాలి. రాలేదు.

ఆయనది మర్రిగూడ వైపు. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు ఎలా ఉంటాయో మావైపు అందరికీ తెలుసు. గోధుమరంగు చారలు తేలిన ఆ పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవాడు. నేను హుజూర్‌నగర్ దాన్ని, కాలవ నీళ్లు తాగినదాన్ని. నా పళ్లు తెల్లగా ఉంటాయి. అయినా నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. ఇందుకు కూడా నాకు ఆయన మీద కోపమే.

అణకువ గల మనిషేం కాదు. ఎంసీఏ చదివాడు, కొన్నాళ్లు హైదరాబాద్‌లో పెద్ద పెద్ద సర్వర్ల మధ్య ఉద్యోగం చేశాడు, ఆ సంగతి అడగకపోయినా చెప్పేవాడు. జేబులో ఎప్పుడూ దువ్వెన. సర్వర్ గదిలోకి పోయే ముందు గుమ్మం దగ్గర ఆగి తల దువ్వుకునేవాడు.

"ఎవరు చూస్తరని అన్నా?" అన్నాను ఒకసారి.

"మిషన్ చూస్తది చెల్లె. దాని ముందట జర సాఫ్‌గ ఉండాలె."

ఇలాంటి మాటలు అనడం నాకు రాదు. వచ్చినా, నేను అంటే ఎవరూ నవ్వరు.

లినక్స్ మిషన్ స్విచ్చి వేస్తే ఏం జరుగుతుందో ఇక్కడ కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన అర్థం కాడు. మిషన్‌కు ప్రాణం లాంటి భాగం ముందు మేలుకుంటుంది. అది మేలుకుని ఒకే ఒక్క ప్రోగ్రామును లేపుతుంది. ఇక మిగతావాటన్నిటినీ లేపే బాధ్యత ఆ మొదటి ప్రోగ్రాముది. డిస్కు, నెట్‌వర్కు, డేటాబేసు, అన్నీ అది లేపితేనే లేస్తాయి. మా సర్వర్‌లో ఆ లేపుడు పాతకాలం పద్ధతిలో ఉండేది. చిన్న చిన్న స్క్రిప్టులు, మనిషి కూర్చుని చదవగలిగినవి, ఒకదాని తరవాత ఒకటి నడిచేవి. ఈలోగా లోకమంతా కొత్తదానికి మారిపోయింది. దాని పేరు సిస్టమ్‌డీ. అది లేపి ఊరుకోదు. జరిగిందంతా తనే రాసిపెట్టుకుంటుంది, గడియారం తనే చూస్తుంది, లోపలికి ఎవరొచ్చారో తనే కనిపెడుతుంది, పడిపోయినవాటిని తనే మళ్లీ లేపుతుంది. నాకది నచ్చింది. దాన్లో తప్పేం లేదని ఇప్పటికీ అంటాను. ఆయన మాత్రం దాని పేరు కూడా పలికేవాడు కాదు. "అల్లుడు" అనేవాడు.

ఆ పేరు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. హైదరాబాద్ కంపెనీ ఒకటి మాకు కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తామంది. అది నడవాలంటే సర్వర్‌లో సిస్టమ్‌డీ ఉండి తీరాలట. మా సంఘం ఛైర్మన్ గారు మా అందరినీ కూర్చోబెట్టి, మీ ఇద్దరి అభిప్రాయం చెప్పండి అన్నారు. నేను రోజుల తరబడి తయారయ్యాను. బొమ్మలు గీశాను, రాబోయే ఇబ్బందులు రాశాను, ఒక్కోదానికి విరుగుడు రాశాను. నిలబడి అంతా చెప్పాను. ఛైర్మన్ గారు ఆవులించారు.

అప్పుడు ఆయన లేచాడు. చేతిలో కాగితం ముక్క లేదు.

"ఛైర్మన్ సాబ్, పొద్దుగాల ఇంటోళ్లను లేపనీకె ఒక మనిషి గావాలె, గంతే గదా? నేను లేపుత అనుకుంట గీయన ఇల్లరికం వస్తడు. తెల్లారి తాళాలు నా దగ్గరుండాలె అంటడు. ఎల్లుండి లెక్కలు నేనే రాస్త అంటడు, ఆయన రాసేది మనకు చదవరాదు. మెల్లగ ఎవరొచ్చిన్రు, ఎవరువోయిన్రు, అన్ని నాకే చెప్పాలె అంటడు. ఆఖరికి మామను తీస్కపోయి దొడ్లె పండవెడ్తడు. ఏం సార్, మనకు గీ అల్లుడు అవసరమా?"

ఛైర్మన్ గారి పొట్ట కదలడం మొదలైంది. "నీకెట్ల ఎరుకరా గిదంత?" అన్నారు.

"నేను జేసిందదే గద సార్!"

నిజమే. ఆయన పెళ్లి చేసుకుని భార్య ఇంటికే, కల్వకుర్తికే, ఇల్లరికం వచ్చాడని ఊరందరికీ తెలుసు. గది గదంతా పగలబడి నవ్వింది. సాయంత్రానికి ఆ మాట ఆయన మామగారి దాకా పోతే, "అవద్దమేం గాదు, నన్ను దొడ్లెనే పండవెట్టిండు" అని ఆ ముసలాయన పాలు పోస్తూ పోస్తూ చెప్పాడట. కొత్త సాఫ్ట్‌వేర్ అటకెక్కింది. నేను గీసిన బొమ్మల మీద చాయ్ గ్లాసులు పెట్టుకున్నారు. నా వాదానికి జవాబు చెప్పి గెలిచి ఉంటే ఇంత మండేది కాదు. నవ్వించి గెలిచాడు. నవ్వును ఎవరు ఖండించగలరు?

అల్లుడు దొడ్డిదారిన కూడా రాకుండా ఆయన ఒక కట్టడి చేశాడు. ఆ పేరుతో ఏది లోపలికి రాబోయినా "వద్దు" అనమని సర్వర్‌కు చిన్నగా రాసిపెట్టాడు. అయినా ఆయనకు నమ్మకం చాలదు. అప్‌డేట్లు వేసే ముందు, ఉత్తుత్తిగా వేసినట్టు చెయ్యమని మిషన్‌కు చెప్పేవాడు. అప్పుడు లోపలికి రాబోయే ప్యాకేజీల పేర్లన్నీ తెర మీద బారుగా వస్తాయి. వాటిని నన్ను పైకి చదవమని, తను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకునేవాడు. పనికిరాని పేరు వినపడగానే చూపుడువేలు పైకి లేచేది.

"కండ్లు మూసుకునుడెందుకు? నువ్వే చదువుకోరాదా?" అని విసుక్కున్నాను.

"మా నాయిన గట్లనే జేస్తడు చెల్లె. పొద్దుగూకంగ మంద దొడ్లెకు వస్తాంటె కండ్లు మూసుకొని నిలవడ్తడు. పరాయి జీవం వచ్చిందంటె కాళ్ల సప్పుడుకే దెల్సిపోతది. కండ్లు దెరిస్తె అన్ని మన గొర్ల లెక్కనే కనవడ్తయి."

గొర్ల మంద ఉన్న ఇల్లు వాళ్లది. ఎరువు కోసం రైతులు వాళ్ల మందను తమ చేలల్లో పడుకోబెట్టించుకునేవారు. ఎవరి చేలో పడుకున్నా, పొద్దున మందను లేపేది మాత్రం వాళ్ల నాయినే. చేను ఆసామి లేపబోతే ఊరుకునేవాడు కాదట. ఒకసారి ఎవరో తొందరపడి లేపితే మంద బెదిరి సగం అటు సగం ఇటు పోయి, రోజంతా వెతుక్కున్నారట. "చేను నీది, ఎరువు నీది, లేపుడు మాత్రం మాది" అన్న వాళ్ల నాయిన మాటను ఈయన మా సర్వర్‌కు తెచ్చి అంటించాడు. స్విచ్చి వేసేటప్పుడు నాలుక ఆడించి "ట్రుర్ర్, హోయ్" అనేవాడు. ట్యాంకుల దగ్గరి హమాలీలు అది నేర్చుకుని, ఆయన గేటులో కనబడితే చాలు "హోయ్" అని కేకేసేవారు. నేను కనబడితే తల వంచి నమస్తే పెట్టేవారు. ఆ నమస్తే అంటే నాకు ఒళ్లుమంట.

ఒకసారి బార్‌కోడ్ చదివే పరికరం కోసం ఏదో చిన్న ప్యాకేజీ కావలసి వచ్చింది. చదువుతూ పోతున్నాను. అమాయకంగా కనబడే ఒక పేరు దగ్గర ఆయన వేలు లేచింది. వెతికి చూస్తే, దాని వెనక ఇంకోటి, దాని వెనక అల్లుడు. నేనూ పట్టుకునేదాన్నే, ఇంకొంచెం ముందుకు పోయాక. మధ్యాహ్నానికల్లా ఆ వేలు లేచిన కథ క్యాంటీన్ దాకా పాకింది. చదివిన గొంతు ఎవరిదో ఎవరూ అడగలేదు.

తప్పులు చేయలేదా అంటే, చేశాడు. ఒక ఎండాకాలం పొద్దున, సరిగ్గా పాల వేళకు కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు సర్వర్ పడిపోయి మళ్లీ లేచింది. లేచిందే గానీ, తెర మీద అందరి పాలూ సున్నా. బయట డబ్బాలు బారులు తీరి ఉన్నాయి, ఎండ ఎక్కుతోంది. ఏం జరిగిందో నాకు చూడగానే తెలిసింది. అంతకు ముందే ఆయన ఆ స్క్రిప్టుల వరుసను కదిలించాడు. పాల లెక్కలున్న డిస్కు తగులుకోకముందే డేటాబేసు లేచి, ఖాళీ గంపలో చెయ్యి పెట్టి, ఏం లేదంటోంది.

"అల్లుడుంటె గిట్లయితుండెనా అన్నా?" అన్నాను. ఆ మాట అనడానికి అంతకంటే మంచి అదను నాకు దొరకలేదు.

"కాకపోతుండె," అన్నాడు. దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. "నువ్వు జూడు చెల్లె," అని బయటికి వెళ్లిపోయాడు.

చూశాను. ఏసీ ఆగిపోయిన గదిలో చెమటలు కక్కుతూ డేటాబేసును ఆపి, డిస్కును తగిలించి, స్క్రిప్టుల పేర్ల ముందున్న అంకెలు మార్చి, వరుస సరిచేసి, మళ్లీ లేపాను. లెక్కలన్నీ తిరిగొచ్చాయి. ఆ సంతోషం పట్టలేక పరుగున బయటికి పోయి చూద్దును కదా, ఆయన డబ్బాలు దింపే గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆడపిల్లలు పరీక్ష చేసి చెబుతున్న వెన్న అంకెను స్కెచ్ పెన్నుతో ఒక్కొక్కరి అరచేతిలో రాస్తున్నాడు.

"చెయ్యి గడిగితివా, పాలు పాయె! ఇయాల అన్నం చెంచతోటి తిను," అంటున్నాడు. జనం విరగబడి నవ్వుతున్నారు. "తప్పు మిషన్‌ది గాదు, నాది. నేనే దాన్ని ఉల్టా లేపిన," అని అందరికీ వినబడేలా చెబుతున్నాడు. తప్పు ఒప్పుకున్నాడని మళ్లీ దానికొక మెచ్చుకోలు! సంఘం పెట్టిన నాటి నుంచీ పాలు పోస్తున్న ఒక అవ్వ ఆయన తల నిమిరి, "నా కొడుకు ఉన్నడు గావట్టి పాలు దక్కినయి" అంది. తరవాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ ఉన్నవా బిడ్డా, లోపల సల్లగ?" అంది.

సల్లగ! సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇంకేమిటి? ఆయన వైపు చూశాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాడు అనుకున్నాను. ఆయన కూడా నా వైపు చూశాడు. నోరు తెరిచాడు. "చాయ్ తాగుదమా చెల్లె?" అన్నాడు.

నేను తాగలేదు. కొన్నాళ్లు మాట్లాడలేదు కూడా. ఆయనకు అది పట్టినట్టే లేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, ఉడకబెట్టిన మక్క గుడాలు సగం మూతలో పోసి నా బల్ల మీద పెట్టి, ఏమీ జరగనట్టు తన సగం తినేవాడు. తినకూడదనే అనుకునేదాన్ని. వాళ్ల ఇంటి గుడాలు చాలా బాగుండేవి, దానికీ కోపమే.

పోయిన వానకాలం ఛాతీలో నొప్పి అన్నాడు. కల్వకుర్తి దవాఖాన నుంచి హైదరాబాద్ తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. ఏడ్చాను. ఏడుస్తూ కూడా, నాకంటే ఎక్కువగా ఏడుస్తున్నవాళ్లు ఎవరెవరా అని చుట్టూ చూశాను. అంత పాడు బుద్ధి నాది.

ఆ తరవాత హైదరాబాద్ కంపెనీ మళ్లీ వచ్చింది. ఛైర్మన్ గారు నన్ను పిలిచి, "ఇగ నీ ఇష్టం బిడ్డా. పెట్టుకుందామంటె పెట్టుకుందాం" అన్నారు. ఇన్నేళ్లూ నేను కోరుకున్న మాట అది. అడ్డు చెప్పేవాడు లేడు, నవ్వించేవాడు లేడు. కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి, ఎక్కించి చూడండి అన్నాను. వాళ్లు అక్కడి నుంచే పని మొదలుపెట్టారు. నేను సర్వర్ ముందు కూర్చున్నాను.

కూర్చున్నాక ఆలోచన మొదలైంది. కొత్తది పెట్టి, రేపు ఏ చిన్న తేడా వచ్చినా "ఆయనుంటె గిట్లయితుండెనా" అంటారు. పెట్టకపోతే "ఆయన జేసింది ఇంక నడుస్తనే ఉన్నది" అంటారు. ఎటు తిప్పి చూసినా ఆయనే! కోపంగా ఆ పాత స్క్రిప్టులు ఒక్కోటీ తెరిచి చదివాను. చదువుతుంటే వింతగా అనిపించింది. ఇక్కడ నేను మార్చిన వరుస, అక్కడ నేను అతికిన అతుకు. ఏది ఎవరి తరవాత లేవాలో నాకు నోటికి వచ్చు. ఈ కేంద్రంలో నాది అని చెప్పుకోవడానికి ఏదైనా ఉంటే ఇదొక్కటే. దీన్ని నా చేతులతో తీసి ఆ అల్లుడి చేతిలో పెడితే, నేను ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నానని చెప్పేదెవరు?

ఫోన్ మోగింది. కంపెనీ ఇంజనీరు, ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకోమని ఎన్నో ఏళ్లుగా మా కేంద్రం వెంటపడుతున్నవాడు. ఇన్నాళ్లూ ఆయనతోనే మాట్లాడేవాడు, నాతో మాట్లాడటం ఇదే మొదలు.

"మేడం, ఎక్కిద్దామంటె మీ సర్వర్ ఒప్పుకుంటలేదు. అడ్డం ఏదో రాసిపెట్టిన్రు. తీసెయ్యమంటరా?"

"తీయొద్దు," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అది నేనే వద్దని పెట్టిన. మా సర్వర్‌ల అది ఉండది."

పచ్చి దొంగతనం. ఆ కట్టడి రాసింది ఆయన. అయితే ఏమైంది? ఇన్నేళ్లు నా చాకిరీ ఆయన పేరు మీద చెల్లింది, ఆయనది ఒక్క "వద్దు" నా పేరు మీద చెల్లితే కొంప మునుగుతుందా? ఇంజనీరు ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఎందుకని అడుగుతాడనుకుని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నాకెరుకే మేడం," అన్నాడు. "సార్ మొదటి సంది గదే చెప్తుండె గద."

"ఏమని?"

"నాదేం లేదు భాయ్, నేనైతె ఎప్పుడో పెట్టుకుందు, మా మేడం ఒప్పుకోదు అంటుండె. మిషన్‌ను నిలవెట్టింది ఆమె, నేను ముచ్చట్లు చెప్పి బతుకుతున్న, ఆమెను అడగకుంట ముట్టుకుంటె నా చెయ్యి ఇరగ్గొడ్తది అంటుండె. నిజం చెప్పాలంటె మేడం, మా ఆఫీసుల మీరంటె అందరికి జర భయమే."

ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను. ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఎక్కడో హైదరాబాద్‌లో, నా మొహం కూడా ఎరగనివాళ్లకు చెప్పాడు! చెప్పాల్సింది ఇక్కడ కదా, ఈ డబ్బాల మధ్య, ఈ మనుషుల ముందు. దొంగిలిద్దామని చెయ్యి చాపితే, అది ఎప్పుడో నా పేరు మీదే ఉంది. దొంగతనం చేసిన తృప్తి కూడా నాకు మిగల్చలేదు. గదిలో కూర్చోలేక బయటికి వచ్చాను.

సాయంత్రం పాలు వస్తున్నాయి. డబ్బాలు దింపుతున్న హమాలీ ఒకడు నన్ను చూసి ఆగాడు. "మిషన్ మంచిగున్నదా మేడం? అన్న ఎంత గట్టిగ జేసి పోయిండో! పోయినంక గూడ ఆగుతలేదు సూడు," అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు.

నేను చేశానని చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. సాక్ష్యం కూడా అప్పుడే చెవిలో పడింది. నోరు తెరిచాను.

"అవును. అంత అన్న జేసిందే," అన్నాను.

వాళ్లు సంబరంగా నవ్వుకున్నారు. ఆ మాట గొంతు దాటుతుంటే నాకు కడుపులో కారం పోసినట్టు మండింది. అక్కడ హైదరాబాద్ వాళ్లకు నా సంగతి చెప్పిన ప్రతిసారీ ఆయనకు కూడా ఇట్లాగే మండి ఉంటుందా, ఆ మంట ఇక్కడ తనవాళ్ల ముందు ఓర్చుకోలేకనే నోరు విప్పలేదా అని నాకు మొట్టమొదటిసారి అనుమానం వచ్చింది.